కూర్చుని తినేవాళ్ళ జబ్బు

ఎనభైల మధ్యలో మాచర్లలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతూ, మిగిలిన పొద్దంతా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తూ తిరిగేవాణ్ణి. నాలాంటి మిత్రులం కొందరం గ్రహణం పట్టిన వేళ నడిబజారులో బెంచీలు వేసుకుని పులిహోర తిన్నాం. శ్మశానంలో వనభోజనాలు పెట్టాం. ఎవరేం చెప్పినా "రుజువేది?" అనడం మాకు ఊతపదం.

నా ఉపన్యాసాల్లో చప్పట్లు ఎక్కువ పడేది చక్కెర జబ్బు దగ్గర. "ఇది కూర్చుని తినేవాళ్ళ జబ్బు. ఒళ్ళొంచి పనిచేసేవాడి గడప తొక్కదు" అనేవాణ్ణి. దానికి రుజువు కూడా చూపించాం. స్కూలు ల్యాబ్‌లోని నీలం ద్రావణం, గాజు గొట్టాలు, స్పిరిట్ దీపం పట్టుకెళ్ళి ఒక ఆదివారం కొట్ల బజారులో మూత్రపరీక్షలు పెట్టాం. చక్కెర లేకపోతే ఎంత వేడి చేసినా ద్రావణం నీలంగానే ఉంటుంది. కాస్త ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, బాగా ఎక్కువైతే ఇటుక రంగు. గల్లాపెట్టెల ముందు కూర్చునే షావుకార్లలో కొందరి గొట్టాలు రంగు మారాయి. మాకు ఆ కొందరు చాలు. రాళ్ళ కూలీల పేటకు ఆ దీపం పట్టుకెళ్ళాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

నేను అద్దెకున్న ఇంటి పక్కనే ఒక రాళ్ళ మేస్త్రీ ఉండేవాడు. ఆయన్ని మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేవాణ్ణి. పాతికేళ్ళు నాపరాళ్ళ క్వారీలో ఉలీ సుత్తీ పట్టిన మనిషి. నడుము పట్టేశాక పాలిష్ ఫ్యాక్టరీలో కాపలా పని దొరికింది. స్టూలు మీద కూర్చోవడం, లారీ వస్తే లేచి గేటు తీయడం, మళ్ళీ కూర్చోవడం. ఇంట్లో జొన్నకూడు పోయి కార్డు మీద చౌక బియ్యం వచ్చింది. గేటు దగ్గర రోజుకు ఆరేడు టీలు. నాలుగేళ్ళలో బొజ్జ పెరిగింది. చుట్టాలొస్తే అత్త ఆ బొజ్జ చూపించి మురిసిపోయేది. "మా ఇంటాయన ఇప్పటికి మనిషైనాడు" అనేది.

ఒక ఎండాకాలం రాతిపెచ్చు గుచ్చుకుని మామ కుడికాలి బొటనవేలి పక్కన పుండు పడింది. నెల దాటినా మానలేదు. ఒక పొద్దున నేను స్కూలుకు బయల్దేరుతుంటే అత్త దడి అవతల నుంచి పిలిచింది.

"ఏమయ్యా పంతులూ, ఒక్క మాట. దొడ్లో మీ మామ పోసినకాడ చీమలు పడతన్నయ్యి. ఏందంటావు?"

"చీమలకు వేరే పనేముంది అత్తా!"

"నవ్వులాట కాదయ్యా. షుగరున్నోళ్ళకి అట్టా పడతయ్యంట గదా."

"బల్లి పడితే ఒక శాస్త్రం, చీమ పడితే ఇంకో శాస్త్రమా? మామ రాళ్ళు కొట్టిన మనిషి. అది షావుకార్ల జబ్బు."

మంచం మీద నుంచి మామ అందుకున్నాడు. "ఏమే, నేనుగూడా షావుకారునైపోయాననుకున్నావా? పసుపు నూరి పెట్టు, అదే మానిద్ది."

ముగ్గురం నవ్వుకున్నాం. నిజానికి అత్త నవ్విందో లేదో నేను చూడలేదు. ఆ రోజు నేను పాఠం చెప్పిన గదిలోనే, నా వెనకున్న బీరువాలో నీలం ద్రావణం సీసా ఉంది.

మూడు వారాలకు వేలు నల్లబడింది. వాసన మొదలయ్యాక గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరు చక్కెరా చూశాడు, రక్తపోటూ చూశాడు. రెండూ మితిమీరి ఉన్నాయన్నాడు. ఏళ్ళ తరబడి ఉండి ఉంటుందన్నాడు. రెండు వేళ్ళు వెంటనే తీసేయాలి, అప్పటికీ కుళ్ళు పైకి పాకితే మోకాలి దాకా పోవచ్చు అన్నాడు.

వరండాలో అత్త గోడకానుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

"గ్రహణానికి ఏమీ కాదని బువ్వ తిని చూపించావు. దెయ్యాల్లేవని శ్మశానానికి పోయి చూపించావు. మీ మామకి షుగరు లేదని ఏం చూసి చెప్పావయ్యా?"

చీమల మాట నేను మూఢనమ్మకమనుకున్నాను. అది ఆమె కళ్ళతో చూసిన సంగతి. నేను చెప్పిందే చూడకుండా నమ్మిన మాట. ఆ మాట కష్టజీవులను పొగుడుతుంది కాబట్టి, దానికి రుజువు అడగాలని నాకు ఎన్నడూ అనిపించలేదు.

రెండు వేళ్ళు పోయాయి. కాలు నిలుస్తుందో లేదో తేలని ఆ వారాల్లో, సెలవు దొరికినప్పుడల్లా దీపమూ గొట్టాలూ పట్టుకుని రాళ్ళ కూలీల పేటకు వెళ్ళాను. ఇంకా సుత్తి పట్టేవాళ్ళవి ఎక్కువగా నీలంగానే ఉన్నాయి. సుత్తి వదిలి గేటు దగ్గరో లారీ స్టీరింగు ముందో కూర్చున్నవాళ్ళలో రంగులు కనిపించాయి. ఆడవాళ్ళ సంగతి అప్పుడూ నాకు తోచలేదు. "మగోళ్ళకేనా పంతులూ ఒళ్ళుండేది?" అని అత్తే అడిగింది. వాళ్ళలోనూ రంగు మారిన గొట్టాలున్నాయి. నా పాత సిద్ధాంతం పూర్తిగా అబద్ధం కాదు. కూర్చోవడం నిజమే, తినడం నిజమే. కూర్చునేవాళ్ళు మారిపోతున్నారు, నేను మాత్రం పాత కుర్చీల వైపే చూస్తున్నాను. తర్వాత తర్వాత కొట్ల బజారు వాళ్ళు పొద్దున్నే నడకలు మొదలుపెట్టారు, జొన్నరొట్టెలకు మళ్ళారు. పేటలో మాత్రం బొజ్జ వస్తే ఇంకా కొబ్బరికాయ కొట్టినంత సంబరం.

అన్నం తగ్గించి జొన్నలు తినమని డాక్టరు చెప్పినప్పుడు మామకు కోపమొచ్చింది. "ఈ తెల్లబువ్వ కోసమే గదా అల్లుడూ, పాతికేళ్ళు రాయి కొట్టింది. మళ్ళీ జొన్నకూడంటే, ఇంకేం సంపాయించినట్టు?" అత్త చెప్పింది: "కాలు సంపాయించుకో ముందు." మామ సణుగుతూనే తిన్నాడు.

కుళ్ళు పాకడం ఆగింది. కాలు దక్కింది. మడమ మీద బరువేసి నడవడం నేర్చుకున్నాడు.

ఆ చలికాలంలో రాళ్ళ కూలీల సభలో నన్ను మాట్లాడమన్నారు. పొరపాటు ఒప్పుకుంటానంటే మా మిత్రుడొకడు వద్దన్నాడు, పురాణం చెప్పేవాళ్ళు మనల్ని చూసి నవ్వుతారన్నాడు. నేను ఒప్పుకోవడం మొదలుపెట్టాను. ఎలా పొరబడ్డానో, ఎందుకు పొరబడ్డానో, నా మనసెంత నలిగిందో వివరంగా చెప్పుకుపోతున్నాను.

ముందు వరసలో మామ లేచాడు.

"అల్లుడూ, నీ తప్పు సంగతి ఇంటికాడ చెప్పుకుందాంలే. వీళ్ళకి కాలు సంగతి చెప్పు."

జనం గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. కుంటుకుంటూ వచ్చి, నా ముందున్న బల్ల మీద కూర్చుని, కాలికి చుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. "దగ్గరికి రాండిరా, అక్కణ్ణుంచి ఏం కనపడిద్ది?" అన్నాడు.