పచ్చి చెక్క మీద గీత

చాతం దీవిలోని రంపపు మిల్లులో ఆయన పని చెక్కలకు గ్రేడు వేయడం. ఎక్కడ చెక్క కనబడినా బొటనవేలితో తడిమి చూసేవాడు. ఆ రోజు నేను వార్త రాయడానికి వెళ్ళిన సర్కారు బడి మీటింగులో కూడా బెంచీని తడుముతూనే కూర్చున్నాడు.

పరీక్షలో నెగ్గిన తెలివైన పిల్లలకు వేరే సెక్షనని, మంచి టీచర్లను దానికే ఇస్తామని హెడ్మాస్టరు చెప్పగానే ఆయన లేచాడు.

"పచ్చి చెక్క మీద మేం సుద్దగీత పెట్టం సార్. ఆరాకే గ్రేడు. మూడో క్లాసు బచ్చాల్లో ఇప్పుడే ఏటి తెలుస్తాది?"

"అయితే మావాడు అందరికోసం ఆగాలా భయ్యా?" అంది వెనక నుంచి ఒకావిడ.

హెడ్మాస్టరు జాబితా చూశాడు. "మీ అమ్మాయి పేరు ఇందులో ఉంది. కొట్టేయమంటారా?"

బెంచీ మీద ఆయన బొటనవేలు ఆగిపోయింది.

"ఉండనియ్యండి సార్," అని కూర్చున్నాడు. ఎవరో నవ్వారు.

తిరిగి వెళ్ళేటప్పుడు బాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీ పడవలో నా పక్కన నిలబడ్డాడు. "పేపర్లో నన్ను ఎటేపు రాస్తారు బాబూ?"

"మీరే చెప్పండి."

"చెక్క మాట నిజమే. పిల్ల మీద ఆశా నిజమే," అని రెయిలింగు తడుముతూ ఉండిపోయాడు.

మర్నాటి వార్తలో ఒప్పుకున్నవాళ్ళ మాటలూ, కాదన్నవాళ్ళ మాటలూ రాశాను. ఆయన్ని మాత్రం రాయలేదు. ఎటు రాయాలో నాకిప్పటికీ తెలియదు.