మా రూమ్‌కొచ్చిన స్కాట్లాండ్ స్ట్రైకర్

ఇంగ్లీష్ మాట సగమే అర్థమైతే ఏమవుతుందో మా రూమ్‌కొచ్చి చూడండి! గల్ఫ్‌లో మేముండే రూవిలో, మా ఫ్లాట్ గోడకు రెండేళ్లుగా ఆనించి ఉన్న క్యారం బోర్డు మొన్న శుక్రవారం మూడో ఫ్లోర్ మలయాళీల రూమ్‌కి వెళ్లిపోయింది. పంపించింది ఎవరో కాదు, నేనే.

ఆ బోర్డు రెండు రూములకూ కలిపి ఒక్కటే. ఏడాదికోసారి డబుల్స్ ఆడతాం. గెలిచిన రూమ్‌లో ఏడాదంతా ఉంటుంది. డ్యూటీ లేని రోజు మాకు వేరే కాలక్షేపం లేదు. రెండేళ్లుగా గెలిచింది మేమే, అదీ నా పార్ట్‌నర్ రాజేశం చేతి చలవ. ఈసారి సరిగ్గా మ్యాచ్‌కి వారం ముందు రాజేశం సెలవు మీద జగిత్యాల పోయాడు.

"ఇగ బోర్డు పోయినట్టే," అన్నాడు మా రూమ్‌లో పెద్దాయన నర్సన్న.

బౌషర్‌లో మేం పనిచేసే బిల్డింగ్ సైట్‌లో డంకన్ సార్ అని సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడు. స్కాట్లాండ్ మనిషి. ఇంగ్లీషులో కొంచెం హిందీ కలిపి మాట్లాడతాడు, నాకు సగం అందుతుంది. మర్నాడు టీ టైంలో మాటల్లో పడి, ఇదివరకు ఏం పని చేశారని అడిగాను.

"ప్లంబర్. శనివారం మాత్రం స్ట్రైకర్. స్కాట్లాండ్ లీగ్‌లో, అన్నీ చిన్న టీములే. పన్నెండేళ్లు."

స్ట్రైకర్! లీగ్! మనం రూమ్‌లో ఆడుకునే ఆటకు వాళ్ల దేశంలో లీగులు కూడా ఉన్నాయన్నమాట!

"ఆట ఎలా ఉండేది సార్?"

"నెట్‌లో వేయడమే నా పని."

అవును మరి, బోర్డు మూలల్లో ఉండేవి నెట్లే కదా.

"రెడ్ వచ్చిందా సార్?"

తల దించుకున్నాడు. "రెండుసార్లు."

పన్నెండేళ్లలో రెండుసార్లేనా అని అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. ఎంత అణకువ అనుకున్నాను.

"తర్వాత మోకాలు పోయింది. చివరి రెండేళ్లు బెంచ్ మీదే," అన్నాడు.

అన్నేళ్లు కింద మఠం వేసుకుని ఆడితే మోకాలు పోదా! పాపం, బెంచీ వేసి ఆడించారు కాబోలు.

"సార్, ఫ్రైడే మాకు మ్యాచ్ ఉంది. స్ట్రైకర్ కావాలి."

"ఈ మాట నన్ను ఎవరైనా అడిగి పదేళ్లయింది," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

శుక్రవారం నాలుగింటికి మెట్ల మీద టకటకమని చప్పుడు. చూస్తే డంకన్ సార్! నిక్కరు, మోకాళ్ల దాకా సాక్సులు, ఒక మోకాలికి పట్టీ, అడుగున మేకుల్లాంటివి ఉన్న బూట్లు.

"క్యారమ్స్‌కు గీ బూట్లేందిరా?" అని నా చెవిలో అడిగాడు నర్సన్న.

"లీగ్ ప్లేయర్ అన్నా. ఆళ్ల పద్ధతి గట్లనే ఉంటది."

సార్ కిటికీలోంచి బయటికి చూసి, "గ్రౌండ్ ఎక్కడ?" అన్నాడు.

నేను బోర్డు మీద పౌడర్ చల్లి, "ఇదే సార్," అన్నాను.

బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పెద్దమనిషి, మా మాట తీసేయలేక ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు. మొదటి దెబ్బకే స్ట్రైకర్ ఎగిరి నర్సన్న పప్పుచారు గిన్నెలో పడింది. రెండో దెబ్బకి మలయాళీల కాయిన్ లోపలికి పోయింది. మూడో దెబ్బకి రెడ్ పడింది! మేం అరుచుకుంటూ లేచేసరికి దాని వెనకే స్ట్రైకర్ కూడా పడింది.

ఇక స్కోరు అడక్కండి. పైరూమ్ మలయాళీ షాజీ బోర్డు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్తున్నా, నాకు ఏడుపొచ్చింది.

నర్సన్న మెల్లగా అడిగాడు: "సాబ్, ఆప్ కౌన్సా గేమ్ ఖేల్తే థే?"

"ఫుట్‌బాల్."

రూమ్ అంతా నా వైపు తిరిగింది. నేను ఆ తెల్ల బిళ్ళ ఎత్తి చూపించి, "సార్, మా దగ్గర స్ట్రైకర్ అంటే ఇది," అన్నాను.

ఆయన మోకాలు పట్టుకుని మరీ నవ్వాడు. "పన్నెండేళ్లు ఓడిపోయాను. కూర్చుని ఓడిపోవడం మాత్రం ఇదే మొదటిసారి!"

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బూట్లతో టకటకా పైకెక్కి షాజీతో పందెం వేసి వచ్చాడు. వచ్చే శుక్రవారం ఫుట్‌బాల్, అయిదుగురు అయిదుగురు. మనం గెలిస్తే బోర్డు వెనక్కి.

"ఫుట్‌బాలంటే పానమిచ్చే మలయాళోళ్లతోటి ఫుట్‌బాలా!" అని నర్సన్న నెత్తి పట్టుకున్నాడు.

సార్ మాత్రం హుషారుగా ఉన్నాడు. "నేను స్ట్రైకర్. ఎవరైనా కీపర్‌గా చేశారా?"

బోర్డు పోగొట్టింది నేనే కదా, తెచ్చేదీ నేనే కావాలని చెయ్యెత్తేశాను. "నేను సార్! షినాస్‌లో రెండేళ్లు కీపర్‌నే. నన్ను దాటి ఒక్కటి కూడా బయటికి పోలేదు!"

సార్ నన్ను గట్టిగా వాటేసుకుని, నిశ్చింతగా వెళ్లిపోయాడు.

మ్యాచ్ రేపే. షినాస్‌లో నేను కాపాడినవి సిమెంటు బస్తాలనీ, నాది స్టోర్ కీపర్ ఉద్యోగమనీ ఆయనకింకా చెప్పలేదు.