ఎర్ర రిబ్బను ఎక్కడుంటే డాక్టరమ్మ అక్కడ

రాస్తున్నావా? ఆ, రాయి. నిన్న నీ కంప్యూటర్లో జావాస్క్రిప్టు ప్రోగ్రాము రాస్తూ ఆబ్జెక్టు అని చూపించావు చూడు, ఒక్కో పేరు కింద ఒక్కో కనెక్షను, పేరు పిలిస్తే చాలు మనిషి దొరికేస్తాడని! ఓసి పిచ్చి మనవరాలా, ఎనభైల్లో నేను చేసిన ఉద్యోగమే అది!

నూజివీడు దగ్గర చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఎదురుగా బోర్డు, దానిమీద ఇంటికో కన్నం. ఎవరైనా ఫోనెత్తితే వాళ్ళ కన్నం మీద రేకు టక్కున పడేది. వైరు గుచ్చి, "ఎవరు కావాలండీ?" అనేదాన్ని. నంబరు ఎవరు చెప్పేవాళ్ళు! మనిషి పేరే. మా ఊరి డాక్టరమ్మ ఒకచోట ఉండే మనిషి కాదుగా, ఏ ఇంటికెళ్తే ఆ ఇంట్లోంచి నాకు ఫోను చేసి చెప్పేది. ఆ ఇంటి కన్నం దగ్గర ఎర్ర రిబ్బను కట్టేదాన్ని. ఇంక బోర్డంతా వెతకక్కర్లా, చెయ్యి సూటిగా అక్కడికే!

ఓ మధ్యాహ్నం, మామిడి కోతలు జోరుమీదున్నాయి. ఓ తోట ఆసామి ఫోను. "అమ్మాయ్, మా కాపలావాడి భార్యకి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది మంత్రసాని. డాక్టరమ్మని కలుపు!"

రిబ్బను షావుకారు ఇంటి కన్నం దగ్గరుంది. గుచ్చా.

"భోంచేసి వెళ్ళిపోయారమ్మా," అంది షావుకారు భార్య.

వెళ్తూ నాకు చెప్పలేదే! మనిషి కదిలింది, రిబ్బను కదల్లా. నువ్వూ జాగ్రత్త, వెళ్ళిపోయినవాడి పేరు నీ ఆబ్జెక్టులోంచి తీసెయ్యకపోతే ఇంతే!

"ఎటెళ్ళారు పిన్నిగారూ?"

"హనుమాన్ జంక్షన్ వైపు."

ఆ రోడ్డు మీదున్న ఫోన్లన్నీ వరసబెట్టి మోగించా. "రాలేదమ్మాయ్, ఏమైంది?" "పురుడు కష్టమైందండీ, డాక్టరమ్మ రోడ్డు మీద కనబడితే ఆపండి!" చివరికి మామిడికాయల షెడ్డు గుమాస్తా ఎత్తాడు.

"ఇక్కడే ఉన్నారండీ, రసాలు తింటున్నారు!"

"ఫోనివ్వండి!"

"చేతులనిండా రసమండీ..."

"నువ్వు చెవి దగ్గర పట్టవయ్యా బాబూ!"

సంగతి వినగానే, చేతులు ఆ తోటలోనే కడుక్కుంటానని డాక్టరమ్మ షెడ్డు ముందున్న లారీ ఎక్కేసిందట!

ఇంక నాకు కుర్చీలో కుదురేదీ? పొద్దు వాలుతుండగా ఆసామి ఇంటి రేకు పడింది. మాట్లాడింది కాపలావాడే. జన్మలో ఫోను ముట్టనివాడు, ఒకటే కేక! "ఆడపిల్లండీ! ఇద్దరూ బానే ఉన్నారండీ!"

అంతలో టకటకా టకటకా రేకులు! నేను మోగించిన ఇళ్ళన్నీ! "ఏమైందమ్మాయ్?" వైరు గుచ్చడం, "ఆడపిల్ల!" అనడం, పీకి ఇంకోదాంట్లో గుచ్చడం. గొంతు పోయిందే నాకు! షావుకారు ఇంటి రేకు రెండోసారి పడింది.

"ఇందాకేగా చెప్పా, పిన్నిగారూ!"

"ఇంకోసారి చెప్పవే, మా అత్తగారు వినలేదంట!"