సర్పి మాత్రకు నీళ్లు

ఆ ఏడు నా నడుముకు ఒక పక్కన సర్పి లేచింది. పొక్కుల మీద రవిక తగిలినా మంటే. డాక్టరు రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు వేసుకోమని మాత్రలు రాసి, నీళ్లు బాగా తాగమని మరీమరీ చెప్పాడు. బెళుగుప్ప నుంచి అనంతపురం పోయే బస్సులో ఉండగా మాత్ర వేళయింది. ఒక్క గుక్కతో మింగి, సీసా మూత బిగించేశాను.

పక్క సీటులోని ముసలావిడ నా చేతిలో మాత్రల అట్ట చూసింది.

"సర్పికేనా? పోయినేడు నాకూ ఇవే ఇచ్చినారు. నీళ్లు తక్కువ తాగినానని డాక్టరు ఎంత తిట్టినాడో! కిడ్నీలకు దెబ్బంట. తాగమ్మా."

"తాగితే మధ్యలో బస్సు ఆపరు కదవ్వా," అన్నాను, ఆమెకు మాత్రమే వినబడేలా.

ఆమె గొంతు మాత్రం డ్రైవరు దాకా పోయింది. "ఏమప్పా డ్రైవరూ! ఈడ ఆడోళ్లు దిగల్ల, ఆపు!"

నేను సిగ్గుతో తల వంచుకున్నాను. బస్సు ఆగింది.

"ఎవరికమ్మా అంత అర్జెంటు?" అన్నాడు కండక్టరు.

నేను లేచేలోపే ముందు సీట్లోంచి ఒకామె, వెనకనుంచి ఇద్దరు, ఆ తర్వాత బస్సులోని ఆడవాళ్లంతా బిలబిలా దిగిపోయారు. "ఎక్కినప్పటి నుంచీ బిగబట్టుకోనుండా," అంటూ ఒకామె కంపచెట్ల వైపు పరుగే తీసింది.

తిరిగి ఎక్కాక అవ్వ సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది. సగం తాగేదాకా చూపు తిప్పలేదు.

"పొక్కులెండినాయని మాత్రలు నడమ ఆపొద్దు," అంది.

ఆపలేదు. సర్పి తగ్గింది. ఆమె పేరు అడగనే లేదు. బస్సు ఆపమనాల్సి వస్తే మాత్రం, ఇప్పుడు డ్రైవరుకు వినబడేలాగే అడుగుతాను.