పులుసులో కలిపిన బిళ్ల

ఒక మనిషికి మేలు చేసే మందును ఆ మనిషికి తెలియకుండా తినిపించవచ్చునా? ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న నాలోనే ఉంది. అడగవలసిన మనిషి ఒక్కరే. మొన్న బుధవారం ఆమె పోయిందని ఊరి నుంచి టెలిగ్రాం వచ్చింది. మూడు రోజుల జ్వరమట. నేను నెల్లూరు నుంచి బస్సు దిగి, సరుగుడు తోపు పక్క ఇసుకదారిన నడిచి చేరేసరికి అంతా అయిపోయింది.

ఆమె మా మేనత్త. మా అమ్మ పోయాక నన్ను పెంచింది. ఆడపిల్లకు యూనివర్సిటీ ఎందుకని మా నాయన అంటే, "దానికి బదులు నువ్వు పోతావా అయితే?" అని ఆయన నోరు మూయించింది. ఈ నాలుగు అక్షరాలు ఆమె పెట్టిన భిక్షే.

ఆమెకు రెండు కాలాలుండేవి. ఒక కాలంలో ఇల్లంతా ఒక్కతే సున్నం కొట్టేది. జువ్వలదిన్నె నుంచి వచ్చే చేపలామె చేత గంపంతా దింపించుకుని, వీధివాళ్ళందరినీ భోజనానికి పిలిచేది. "ఇన్ని చేపలు ఎవురు తింటారు తల్లా?" అని చేపలామె అడిగితే, "ఏం, నువ్వు తినవా? కూర్చో" అనేది. ఇంకో కాలంలో గోడవైపు తిరిగి పడుకుని పలికేది కాదు. రెండింటి అడుగునా ఒకటే భయం. గుండెదడ, చేతుల వణుకు, కూట్లో ఎవరో ఏదో కలుపుతున్నారన్న అనుమానం. మా వైపు ఆ అనుమానాన్ని జబ్బు అనరు. నిజమేననుకుని, కడుపులోది కక్కించేవాళ్ళ దగ్గరికి తీసుకుపోతారు. మేమూ తీసుకుపోయాం, రెండుసార్లు. ఉప్పునీళ్ళు తాగి పేగులు తెగేలా కక్కుతున్న ఆమెను పట్టుకుని నిలబడ్డవాళ్ళలో ఎం.ఏ. చదివిన నేనూ ఉన్నాను.

చివరికి నెల్లూరులో ఒక డాక్టరుగారికి చూపించాం. మొదట ఇచ్చిన మందు కుంగుబాటును తీసింది గాని, ఆమెను మరీ పైకి ఎగదోసింది. పది రోజులు కంటిమీద కునుకు లేదు, దడ రెట్టింపయింది. ఆయన దాన్ని ఆపేశారు. "ఈమెది ఊగే జబ్బమ్మా. భయం ఒక్కదానికే మందిస్తే కుదరదు. మనిషి ఎటు ఊగతా ఉందో చూసుకుంటా మందు ఇయ్యాల" అని వేరే తెల్లబిళ్లలు రాసిచ్చారు. మానకూడదని మరీమరీ చెప్పారు.

అత్త ఒక్కటీ మింగలేదు. "కక్కించింది చాల్లేదా? మళ్ళా లోపలికి పంపిస్తన్నారా?" అంది.

ఆ వేసవి సెలవుల్లో నేనే బిళ్లను నూరి చేపల పులుసులో కలిపాను. చింతపండు పులుపులో చేదు తెలియదనుకున్నాను. వడ్డించినవాళ్ళు ఆమె పళ్ళెంలోంచే మొదటి ముద్ద తినాలి. అది ఆమె నియమం. తినేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను స్తంభానికి ఆనుకుని కునికిపాట్లు పడుతుంటే భుజం తట్టి, "చదువుకున్నదానివి, పగటినిద్రేందిమే? నీకెవురేం పెట్టినారు?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

నెల తిరిగేసరికి చేతుల వణుకు తగ్గింది. నిద్ర పట్టింది. డాక్టరుగారికి ఉత్తరం రాశాను, కలిపిన సంగతి మాత్రం రాయలేదు.

నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరే ముందురోజు ఆమె పెరట్లో వంజరం ముక్కలు కడుగుతూ తలెత్తకుండానే అంది: "బిళ్లలు నాకిచ్చి పో. ఇంక నూరబాక."

నేను లోపలికి పోయి బిళ్లలు తెచ్చి ఆమె పక్కన పెట్టాను.

"మూడోరోజే దొరికినాదిమే, నలగని ముక్క, ముల్లు పక్కన. చూడంగానే నెత్తిమీద బరువు దిగినట్టయింది. కలపతన్నారంటే, డాక్టరు కాడికి పోయినాక పిచ్చిదంటిరి గదా అందురూ. నాకు పిచ్చి లేదులే అనుకున్నా."

"తెలిసీ ఎందుకు తిన్నావత్తా?"

"ఎవురిదో ఒకరిది తినాల గదా" అంది, ఎర్రటి నీళ్ళు పారబోసి ఇంకో ముక్క చేతిలోకి తీసుకుంటూ.

ఆ తరువాత ఎనిమిదేళ్ళు తన చేత్తోనే వేసుకుంది. కాలాలు రెండూ వస్తూనే ఉన్నాయి, మునుపటంత పొడుగ్గా కాదు. భయం పూర్తిగా పోలేదు గాని, దాని పక్కన కూర్చోగలిగేది. నేను ఊరికి పోయి వండినప్పుడల్లా మారు వడ్డించుకుని తినేది. అది చూసి చాలాసార్లు నా మనసు కుదుటపడింది. బస్సెక్కాక మళ్ళీ చెదిరేది. నన్ను నమ్మి తిన్నదో, పెంచిన పిల్లే అంత పని చేశాక ఇంకొకరిని అనుమానించే ఓపిక లేక తిన్నదో నేను ఇప్పటికీ తేల్చుకోలేను.