ముందు పట్టీలు, తర్వాత శాలువా

మా పెద్దమ్మ నెల్డా ఓయార్సో చిలీ దక్షిణ కొసనున్న పుంతా అరేనాస్‌లో టాక్సీ నడుపుతుంది. ఆసుపత్రి గేటు పక్కనున్న స్టాండులో ఆడమనిషి బండి ఆమెదొక్కటే. పసిబిడ్డతో ఇంటికి వెళ్లేవాళ్లు ఆమె కోసమే వెతుకుతారు. వెనక సీటులో బిడ్డను కట్టి ఉంచే పట్టీలున్న పిల్లల కుర్చీ ఎప్పుడూ బిగించి ఉంటుంది, బిడ్డ ముఖం బండి వెనకవైపు ఉండేలా. పొద్దున్నే దాని మీద మోకాలు ఆనించి, సీటు బెల్టు లాగి, రెండు చేతులతో పట్టుకుని కుదుపుతుంది. కదలకపోతేనే మాతే ఆకు నీళ్లు తాగడానికి కూర్చుంటుంది.

మా ఊళ్లో బిడ్డ అమ్మమ్మ అల్లిన ఉన్ని శాలువాలోనే ఇంటికి రావాలి. ఇక్కడి గాలి అలాంటిది. శాలువా ఎంత మందంగా ఉంటే అమ్మమ్మకు అంత పేరు. అందుకే పెద్దమ్మకు రోజూ అమ్మమ్మలతోనే పేచీ.

“శాలువా తీయండి. ముందు పట్టీలు, తర్వాత శాలువా.”

“బయట గాలి కనబడటం లేదా తల్లీ? పసిగుడ్డు బిగుసుకుపోతుంది.”

“పైన కప్పుదురుగాని. ఉన్ని మీద కడితే పట్టీ బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల బిడ్డ వదులుగా ఉంటుంది.”

“నువ్వేమైనా డాక్టరమ్మవా?”

“డ్రైవర్ని. తీయకపోతే బండి కదలదు.”

“నెల్డా, ఇవాళ ఎంతమంది ముసలమ్మల్ని ఏడిపించావు?” అంటాడు పక్క బండి ఎర్విన్. ఆమె నవ్వదు, కోప్పడదు. అతనూ పొడిగించడు. స్టాండులో అందరికీ తెలుసు.

కొన్ని శీతాకాలాల కిందట పెద్దమ్మ తన కూతురు యాస్నాను, తొలి మనవరాలిని ఇదే గేటు నుంచి ఇంటికి తీసుకెళ్లింది. తను అల్లిన బూడిదరంగు శాలువాలో పాపను చుట్టి, దాని మీదే పట్టీలు బిగించింది. సముద్రం వైపు దిగే వాలులో మంచు గడ్డ మీద బండి జారి, గిర్రున తిరిగి, వెనకవైపు దీపస్తంభానికి కొట్టుకుంది. కుర్చీ కదల్లేదు. పట్టీలు ఊడలేదు. శాలువా పట్టీల్లోనే ఉంది. పాప అందులో లేదు.

పాపను పూడ్చి వచ్చాక కూడా యాస్నా తల్లిని ఒక్క మాటా అనలేదు. ఆదివారాలు భోజనానికి వచ్చేది, ఉప్పు అందించమనేది, వెళ్లిపోయేది. పెద్దమ్మ ఏడవగా మేమెవరం చూడలేదు. అల్లడం మానేసింది, అంతే.

ఈ జులైలో, మళ్లీ చలికాలంలోనే, యాస్నాకు మళ్లీ నెలలు నిండాయి. భర్త రూబెన్ పీతల పడవ మీద దూరంగా ఉన్నాడు. యాస్నా నాకు ఫోన్ చేసింది.

“ఇంటికి ఎర్విన్ బండిలో వెళ్తానని అమ్మతో చెప్పవే.”

చెప్పాను. పెద్దమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, “సరే,” అంది. కాసేపటికి, “అతని బండిలో కుర్చీ ఉందో లేదో కనుక్కో,” అంది.

ఆసుపత్రి నుంచి పంపే రోజున పెద్దమ్మ తన బండి పక్కనే నిలబడింది, దగ్గరికి రాలేదు. పాపాయిని ఎత్తుకుని నేను, వెనకే యాస్నా బయటికి వచ్చాం. యాస్నా ఎర్విన్ బండి తలుపు తీసి, కుర్చీ మీద చెయ్యి వేసింది. అది అటూ ఇటూ ఊగింది.

“మా చెల్లెల్ని అడిగి తెచ్చానమ్మా, బానే కట్టాను,” అన్నాడు ఎర్విన్.

యాస్నా నెమ్మదిగా నడిచి తల్లి బండి దగ్గరికి వెళ్లింది. ఆ కుర్చీనీ పట్టుకుని ఊపింది. కదల్లేదు.

“హీటర్ వేశావా?”

“వేశాను.”

పాపాయి ఒంటి మీద అత్తగారు కొన్న దూది కూరిన దుస్తులున్నాయి, దిండంత లావుగా. పెద్దమ్మ వాటి వైపే చూస్తోంది. రోజూ అందరికీ చెప్పే మాట ఆమె నోట రావడం లేదు.

“ఇది విప్పాలా?” అంది యాస్నా.

“విప్పాలి.”

“మరి చెప్పవేం?”

పెద్దమ్మ నా చేతుల్లోంచి పాపాయిని తీసుకుని, బండిలోకి వంగి దుస్తులు విప్పింది. పల్చటి చొక్కాతో పాపాయిని కుర్చీలో పడుకోబెట్టి, పట్టీలు భుజాల మీదుగా తెచ్చి బిగించింది. యాస్నా పట్టీ వదులుగా ఉందేమోనని రెండు వేళ్లతో గిల్లి చూసింది. మడత పడలేదు. ఇంకోసారి గిల్లింది. మళ్లీ గిల్లింది. పెద్దమ్మ చేతులు వెనక్కి తీసుకుని ఆగింది.

అప్పుడు యాస్నా సంచిలోంచి బూడిదరంగు శాలువా తీసింది. అది ఇంకా ఉందని మాకెవరికీ తెలియదు. తల్లికి అందించింది.

పెద్దమ్మ దాన్ని పట్టీల మీదుగా గడ్డం వరకు కప్పి, అంచులు పక్కలకు దోపింది. ఆమె ముఖం రోజూ ఉన్నట్టే ఉంది. తర్వాత ఎప్పుడో అడిగితే, “ఏమీ అనిపించలేదే. చేతులు చల్లగా ఉన్నాయి,” అంది.

యాస్నా పాపాయి పక్కన కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను.

“బండి పోనివ్వమ్మా,” అంది యాస్నా.

బండి ఆ వాలు దిగుతుండగా నేను వెనక్కి తిరిగి చూసినప్పుడు యాస్నా చెయ్యి శాలువా కింద ఉంది. పట్టీని పట్టుకునే ఉంది.