బాపు ముందే చెప్పేసిన సాక్ష్యం

మా సంఘంలో దేవునికి కృతజ్ఞత మనసులో చెప్పుకుంటే చెల్లదు. ఆదివారం ఆరాధన మధ్యలో అయ్యగారు, అంటే మా పాస్టరు, "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అంటారు. లేచి నిలబడి, తనకు జరిగిన మేలు ఏమిటో అందరికీ వినబడేలా చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన ఎద్దు దొరికిందని ఇంకొకరు చెబుతారు. బోథ్ దగ్గరి మా ఊళ్లో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే ఆదివారం మందిరానికి పోతే చాలు.

మా బాపుకి, అంటే నాన్నకి, సాక్ష్యం చెప్పడమంటే ప్రాణం. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే, మేలు జరిగేదాకా ఆగలేడు. మబ్బు పడితే చాలు, వాన ఇచ్చినందుకు స్తోత్రం చెప్పేస్తాడు. ఓసారి మా తమ్ముడి పదో తరగతి ఫలితాలు రాకముందే వాడు పాసయ్యాడని చెప్పాడు. వాడు లెక్కల్లో తప్పాడు. ఆ తర్వాత చాన్నాళ్లు బాపు లేచి నిలబడితే వెనక వరుసలో ఎవరో ఒకరు మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవారు.

ఇప్పుడు నేను సైనిక ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసర్‌ని. మిలిటరీలోకి ఎలా వచ్చావని అడిగిన వాళ్లకు పరీక్షల సంగతి చెప్పి ఊరుకుంటాను. మా బాపు సంగతి చెప్పాలంటే కాస్త తీరిక కావాలి.

కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. చిన్నప్పటి నుంచీ సైన్యం కలలు కన్నానంటే అబద్ధమవుతుంది. కబడ్డీ ఆడేదాన్ని, బాగా పరుగెత్తేదాన్ని, యూనిఫాం అంటే మోజు. ఆడపిల్లల్ని అగ్నివీరులుగా మిలిటరీ పోలీసులోకి తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. నీట్ ఎలాగూ రాశాను కాబట్టి, ఆ మార్కులతో సైన్యం వాళ్ల నర్సింగ్ కాలేజీకి కూడా పెట్టాను. రెండోది ఏదో పెట్టాలి కనుక పెట్టిందే.

ఈలోగా హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయికి డెంగీ వచ్చింది. వాళ్ల వాళ్లు జైనూర్ అవతలి నుంచి రావాలి. వాళ్లొచ్చేదాకా దవాఖానలో నేనే ఉన్నాను. ఆమెకు ముక్కు నుంచి రక్తం కారితే భయపడి పారిపోతాననుకున్నాను, పోలేదు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. కబడ్డీ కోర్టులో గెలిచినప్పుడు కూడా నాకు నేను అంత నచ్చలేదు.

అగ్నివీర్ రాతపరీక్ష పాసయ్యాను. ఇంకా పరుగు పందెం, వైద్య పరీక్ష మిగిలే ఉన్నాయి. బాపుకి ఫోన్ చేసి అదంతా చెప్పాను. ఆయన చెవిలో మొదటి ముక్కే పడింది.

ఆ వారమే మా కోత పండుగ, నేనూ ఇంటికొచ్చాను. కొత్త పంటలో మొదటి భాగం మందిరానికి తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. జొన్న కంకులు, సొరకాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. మా బాపు గంపెడు పత్తి తెచ్చాడు. సాక్ష్యాల వేళ అందరికంటే ముందు లేచాడు.

"నా బిడ్డ మిలిటరీల చేరింది! తుపాకి వట్టుకొని దేశానికి కావలి కాస్తది. దేవునికి స్తోత్రం!"

మందిరమంతా ఆమెన్ అని మోగింది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వేలంలో మా గంపను "మిలిటరీ బిడ్డ పత్తి" అని అరిచి మరీ పాడారు. బయటికి రాగానే పిల్లలు వరుసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. ఒక ముసలమ్మ నా గదుమ పట్టుకొని, "తుపాకి ఇంటికి తెచ్చుకోనిస్తరా బిడ్డా? పందులు చేన్లు పాడు చేస్తున్నయి" అని అడిగింది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి నర్సింగ్ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. పరుగు పందెం కూడా ఆ ఇంటర్వ్యూ రోజే. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వదిలేయాలి. పరుగులో నన్ను ఓడించేవాళ్లు లేరు, ఆ ఉద్యోగం దాదాపు చేతిలో ఉన్నట్టే. కాకపోతే నాలుగేళ్ల తర్వాత కొందరినే ఉంచుకుంటారు. నర్సింగ్ సీటు వస్తుందన్న నమ్మకం లేదు. అది రాకపోతే రెంటికీ చెడ్డదాన్ని అవుతాను, ఊరందరి ముందూ బాపు మళ్లీ అబద్ధాలవాడు అవుతాడు.

మర్నాడు చేనులో పత్తి ఏరుతుంటే చెప్పేశాను. "బాపు, నేను ఉరుకుడుకు పోను. ఢిల్లీకి పోత."

బాపు ఏరడం ఆపలేదు. "సంఘంల చెప్పిన గద బిడ్డా" అన్నాడు.

"ఎవరు చెప్పమన్నరు నిన్ను? నాకు రాని నౌకరి నువ్వెట్ల చెప్తవ్?" అని గట్టిగానే అరిచాను. పక్క చేనులో వాళ్లు తలెత్తి చూశారు. బాపు తర్వాతి సాలులోకి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి కోపమంతా అవ్వ మీద, అంటే మా అమ్మ మీద, వెళ్లగక్కాను. రొట్టె కొడుతున్న అవ్వ నేను అరిచినంతసేపు అరవనిచ్చింది.

"నీకంటె ముందు నాకు రెండు కాన్పులు నిలువలే" అంది చివరికి. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఇంక నెలలు నిండనే లేవు, మీ బాపు మందిరంల లేచి, నాకు బిడ్డ పుట్టింది, సల్లగున్నది అని చెప్పిండు. అందరు నవ్విండ్రు. అయ్యగారు ఇంటికి పిలిచి కోపం చేసిండు. మీ బాపుకు భయమైతె గట్లనే చేస్తడు. ముందుగాల స్తోత్రం చెప్పేస్తె దేవుడు మళ్ల కాదనడని."

"మరి ఇప్పుడు దేనికి భయం?"

"బిడ్డ తుపాకి వట్టబోతుంటె తండ్రికి భయం గాదానే?" అని అవ్వ రొట్టె తిప్పింది.

మబ్బు చూసి చెప్పిన స్తోత్రాలూ, తమ్ముడి లెక్కలూ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. ఆయన గొప్పలకు పోయేవాడని ఊరంతా అనుకుంది, మేమూ అనుకున్నాం. ఇన్నేళ్లుగా అంతమంది ముందు నిలబడి ఆయన చెప్పుకున్నది భయం. అంత భయంలోనూ నన్ను వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదు.

బాపు చేతులు కడుక్కొని అరుగు మీద కూర్చుంటే పక్కన కూర్చున్నాను. తీపి మాటలు చెప్పదలచుకోలేదు. "నర్సు గూడ మిలిటరీనే బాపు. బార్డర్ దిక్కు గూడ ఏస్తరు. భయం ఏం తక్కువ గాదు. సీటు వస్తదని గూడ లేదు. అయినా నాకు గదే కావాలె" అన్నాను.

"రాకపోతె?"

"రాకపోతె రాదు. నువ్వు పరేషాన్ గాకు."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "పో బిడ్డ" అన్నాడు.

ఢిల్లీ బండి ఎక్కడానికి ముందు ఆదివారం, సాక్ష్యాల వేళ బాపు లేచాడు. వెనక వరుసలో కొంగులు మూతుల మీదికి పోవడం చూశాను. ఇప్పుడు సీటు వచ్చిందని చెప్పేస్తాడనుకున్నాను.

"మొన్న పండుగల నేను చెప్పింది గాలే" అన్నాడు బాపు. "నా బిడ్డ తుపాకి దిక్కు పోతలేదు. మిలిటరీ దవాఖానల నర్సు పని కోసం పోతుంది. అది వస్తదో రాదో నాకు ఎర్క లేదు. గందుకని దాని గురించి ఇయ్యాల ఏం చెప్త లేను."

కూర్చుంటాడనుకున్నాం. కూర్చోలేదు.

"ఒక్కటైతె జరిగింది. బాపుకు ఎట్ల చెప్పాలె అని భయపడకుంట, నా బిడ్డ నా ముంగట కూసుండి, గది వద్దు, గిది కావాలె అని చెప్పింది. గది జరిగిపోయింది. దానికి స్తోత్రం."

ఇలాంటి సాక్ష్యం మా మందిరంలో ఎవరూ విని ఉండరు. ఆమెన్ అనాలో వద్దో తెలియక అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆడవాళ్ల వైపు నుంచి అవ్వ ఒక్కతే, గట్టిగా, ఆమెన్ అంది.